ఐదు నిమిషాల నురగ

పదోసారి తిరగేసి, గాజు గొట్టాన్ని బల్లమీద నిలబెట్టి, ఆమె గడియారం నొక్కింది. గొట్టం అడుగున నీళ్ళలాంటి ద్రవం, దానిపైన జానెడు ఎత్తున బిగిసిన తెల్లటి నురగ. ఇక ఐదు నిమిషాలు ఏ పనీ చెయ్యకూడదు. బల్ల కదపకూడదు, కిటికీ తెరవకూడదు. నురగ ఏ గీత దగ్గర మొదలైందో, ఐదు నిమిషాలకి ఏ గీతకు దిగిందో చూసి రాయడమే.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం అదే. షాంపూలూ, ముఖం కడుక్కునే ద్రవాలూ తయారయ్యే ఫ్యాక్టరీ అది. డ్రమ్ముల్లో వచ్చే తేనెరంగు ముద్దని అక్కడ అందరూ పేస్టు అంటారు. నురగ పుట్టించేదీ మురికి వదిలించేదీ అదొక్కటే. మిగతావన్నీ రంగుకీ వాసనకీ చిక్కదనానికీ. ఆ పేస్టు తగిలి తగిలి ఆమె వేళ్ళకొనలు గీతలు లేకుండా నున్నగా అరిగిపోయాయి. గేటు దగ్గర పెట్టిన వేలిముద్రల యంత్రం ఆమెని ఒక్కరోజూ గుర్తుపట్టలేదు. “ఇన్నేళ్ళొచ్చినా కొత్తమనిషివేనమ్మా నువ్వు,” అంటూ కాపలావాడు ఆమె పేరు పుస్తకంలో రాసుకుని లోపలికి పంపుతాడు.

తమ్ముడి చదువు అయ్యేదాకా రెండేళ్ళు చేద్దామని చేరింది. తమ్ముడి తర్వాత నాన్న మంచాన పడ్డాడు. ఆలస్యంగా పెళ్ళయింది. భర్త బస్సు డ్రైవరు, ఇప్పుడు మోకాళ్ళు పోయి ఇంట్లోనే ఉంటున్నాడు. “లోకంలో అందరి నెత్తిమీద నురగా నీ పూచీయే, మన పొయ్యిమీద పాలు పొంగుతుంటే మాత్రం చూడవు,” అని నవ్వుతాడు. ఏది ఆలోచించుకున్నా ఆమె ఈ ఐదేసి నిమిషాల్లోనే ఆలోచించుకుంది. దేనికి ఏడ్చినా వీటిలోనే ఏడ్చింది. ఇంటికెళ్ళాక తీరిక ఉండేది కాదు.

గడియారం మోగింది. నురగ రెండు గీతలే దిగింది. రాసుకుంది.

తర్వాతది చిక్కదనం. అడుగున సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి గిన్నెలో షాంపూ పోసి, అది కారిపోవడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. నలభై సెకన్లు పట్టాలి. పదకొండుకే గిన్నె ఖాళీ అయింది. గిన్నె కడిగి, తుడిచి, మళ్ళీ పోసింది. మళ్ళీ పదకొండే.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకుంది.

పేస్టు నీళ్ళలో కరిగాక ఉప్పు వేస్తే చిక్కబడుతుంది. ఆ ఉప్పే మోతాదు దాటితే తిరిగి పల్చబడి నీళ్ళవుతుంది. ఫ్యాక్టరీలో ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు, ట్యాంకులో ఇవన్నీ కలిపే మనిషి. ఆయన్ని అందరూ వంటమేస్త్రి అంటారు. షాంపూల ఫ్యాక్టరీలో పనిచేస్తూ నెత్తిన వెంట్రుక లేనివాడని ఆటపట్టిస్తే, “మిమ్మల్ని చూసుకోవడంలో నన్ను నేను చూసుకోలేదురా,” అనేవాడు. ఆమె చేరేనాటికే ఆయన అక్కడున్నాడు. పొద్దున పరీక్షకి సీసా తెచ్చిస్తూ, “ఇవాళ్టిది ముత్యంలా వచ్చింది చెల్లెమ్మా,” అన్నాడు కూడా.

ఆమె మెట్లు దిగి ట్యాంకు గదికి వెళ్ళింది. వంటమేస్త్రి గరిటె కడుగుతున్నాడు. గోడవారగా రెండు ఖాళీ ఉప్పు బస్తాలున్నాయి.

“ఎన్ని వేశావన్నయ్యా?”

“ఎప్పుడూ వేసేదే. ఒకటి.”

ఆమె బస్తాల వైపు చూసింది. ఆయనా చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఒకటి నిన్నటిదై ఉంటుంది,” అన్నాడు.

నిన్నటి బస్తాలన్నీ పొద్దున్నే బండిలో పోయాయి. బండిలోకి ఎక్కించింది ఆయనే.

మూడు నెలలుగా ఆమెకి తెలుసు. ఒకసారి, ఒకే సరుకు సీసాని ఒకేరోజు రెండుసార్లు తెచ్చాడు. క్రితం నెల ఒకరోజు టీ తాగుతూ, “పాప ఎలా ఉంది చెల్లెమ్మా?” అని అడిగాడు. పాప పుట్టి తొమ్మిది రోజులే బతికింది. ఇరవై రెండేళ్ళయింది. “బాగుందన్నయ్యా,” అని గ్లాసు కడగడానికి లేచిపోయింది.

అప్పట్లో పాప పోయిన పదిహేనో రోజున పనిలోకి వస్తే అంకెలన్నీ తప్పులు రాసింది. ఆ కాగితం చూసింది ఈయనొక్కడే. మారు మాట్లాడకుండా కొత్త సీసా తెచ్చి ముందు పెట్టి, “ఇది చూసి నిదానంగా రాయి,” అన్నాడు. పాత కాగితం ఏం చేశాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇవాళ ఆమె కూడా ఆ పని చెయ్యగలదు. సీసా ఒలికిపోయిందని చెప్పి, సరిచేశాక కొత్తది తెమ్మనవచ్చు. మూడు నెలలుగా అలాంటివే ఏవో చేస్తూ వచ్చింది. కానీ ఇది పసిపిల్లల తలకి రాసే షాంపూ. రేపు ఉప్పు కాకుండా, సరుకు చెడిపోకుండా కొంచెమే వేసే మందు రెండుసార్లు పడితే, గొట్టంలో నురగ ఆ సంగతి చెప్పదు. అది ఎప్పట్లాగే తెల్లగా లేచి నిలబడుతుంది.

“రాసేశావా?” అన్నాడు వంటమేస్త్రి.

“లేదు.”

“రాయి.”

“రాస్తే పైవాళ్ళు అడుగుతారు.”

“అడగనీ.” గరిటె గోడకి ఆనించాడు. “పసివాళ్ళది కదా. ఉన్నది ఉన్నట్టు రాయి. ఈలోగా నేను దీన్ని దారిలో పెడతాను.”

ఆమె పైకి వెళ్ళి పదకొండు అని రాసింది. కింద సంతకం పెట్టడానికి కొంచెంసేపు పట్టింది.

కింద ఆయన సగం సరుకు పక్క ట్యాంకులోకి వదిలి, ఉప్పు వెయ్యకుండా ఎంత పేస్టు, ఎన్ని నీళ్ళు చేరిస్తే రెండు ట్యాంకులూ సరిపోతాయో కాగితం ముట్టకుండా నోటితోనే లెక్కకట్టాడు. ఆ లెక్క ఎక్కడా తప్పలేదు. పాతవన్నీ ఆయన దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఇప్పుడు చేసిందే నిలవడం లేదు.

సాయంత్రం షిఫ్టు ముగుస్తుందనగా కొత్త సీసా వచ్చింది. గిన్నె నలభై ఒక్క సెకన్లకి ఖాళీ అయింది. గొట్టాన్ని పదిసార్లు తిరగేసి నిలబెట్టి గడియారం నొక్కేసరికి షిఫ్టు ఆఫీసరు లోపలికి వచ్చాడు. కుర్రవాడే అయినా నిదానస్తుడు. బల్లకి తగలకుండా దూరంగా నిలబడ్డాడు.

“పొద్దున సరుకు ఎందుకు చెడిందండీ?”

“ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన మరిచిపోతున్నాడు. మూడు నెలలుగా నాకు తెలుసు. ముందే చెప్పాల్సింది.”

అతను చేతిలో ఉన్న పొద్దుటి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ట్యాంకు దగ్గర ఇక కుదరదు. సోమవారం నుంచి మూతలు బిగించే దగ్గర కూర్చోబెడదాం. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెబుతాను. ఇది అవనీండి.”

అతను తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు. నురగ నెమ్మదిగా దిగుతోంది. ఆయనకి చెప్పాల్సిన మాటలు ఆమె వరసగా పేర్చుకుంది. ఏ మాటతో మొదలుపెట్టినా రెండో మాట దగ్గర ఆగిపోయింది. నడుము లాగుతోంది. పొద్దుటినుంచి కూర్చున్నది తక్కువ. గడియారం మోగాక అంకె రాసి, గొట్టం కడిగి బోర్లించి, కిందికి దిగింది.

ట్యాంకు గదికి తాళం వేసి ఉంది. రోజూ ఇద్దరూ కలిసే బస్టాపుదాకా నడుస్తారు. ముందు పనైనవాళ్ళు గేటు దగ్గర ఆగుతారు. గేటు దగ్గర కాపలావాడొక్కడే ఉన్నాడు.

“మేస్త్రి వెళ్ళిపోయాడమ్మా. తాళంచెవి ఇచ్చేశాడు. ఇక రానన్నాడు.”

“ఇక రానన్నాడా?”

“ఆఫీసరుగారితో రేపు ఫోన్లో మాట్లాడతానన్నాడు. నిన్ను పిలవమంటావా అని అడిగాను. వద్దు, నురగ పెట్టుకుని ఉంటుంది, కదపొద్దు అన్నాడు.”

ఆమె రోడ్డు వైపు చూసింది. షిఫ్టు దిగినవాళ్ళు గుంపుగా నడుస్తున్నారు. అందులో బట్టతల ఏదీ కనబడలేదు.

“ఆ తాళంచెవి ఒకసారి ఇవ్వు,” అంది.

గది కడిగి ఉంది. బస్తాలు మడతపెట్టి ఉన్నాయి. ట్యాంకు వెనక్కి ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు, ఆయన తప్ప ఎవరూ వెళ్ళరు. ఇవాళ వెళ్ళింది. అక్కడ గోడమీద, ఎవరి కంటా పడనంత కిందుగా, సుద్దతో మూడు మాటలు రాసి ఉన్నాయి. నీళ్ళు. పేస్టు. ఉప్పు. తుడిచి తుడిచి రాసినందువల్ల చుట్టూ గోడ తెల్లగా మాసిపోయింది. నీళ్ళ పక్కన, వేసినట్టు గుర్తుగా, ఒక అడ్డగీత ఉంది. పేస్టు పక్కన ఒక అడ్డగీత ఉంది. ఉప్పు పక్కన గీత ఉండాల్సిన చోట ట్యాంకులోంచి పొంగి కారిన నురగ చార సుద్దని కడిగేసి ఆరిపోయి, గోడ శుభ్రంగా ఉంది.

ఆమె మోకాళ్ళమీద చేతులు ఆనించి వంగి, ఆ శుభ్రమైన చోటు చూస్తూ ఉండిపోయింది. కింద, పైపు మీద, తడి చేతికి కరిగిపోకుండా సగందాకా టేపు చుట్టిన సుద్దముక్క ఉంది. దాని కొన పెన్సిలులా సన్నగా చెక్కి ఉంది.