పొయ్యి పక్క కుర్చీ

హిన్నెర్క్ వోలర్స్ పెరట్లో కూర్చుని కిరసనాయిలు గుడ్డతో గోళ్ళు రుద్దుకుంటున్నాడు. సందుల్లో ఎరుపు, నీలం, తెలుపు. ఎంత రుద్దినా వదలవు. సన్నటి మనిషి, ఉప్పుగాలికి మొరటుదేలిన మెడ. వయసులో సగానికి పైగా సరుకు ఓడలకు రంగులు వేయడంతోనే గడిచింది. యుద్ధం వచ్చాక ఆ పని రెట్టింపయింది. శత్రువుల కాపలా తప్పించుకుని జపాను నుంచి రబ్బరు తేవాలంటే ఓడ వేషాలు మార్చాలి మరి. నడిసముద్రంలో, తాళ్ళకు కట్టిన పలక మీద వేలాడుతూ, ఆయన ఉన్న పేరు చెరిపేసి కొత్త పేరు రాసేవాడు. ఒకసారి డచ్చి ఓడ, ఇంకోసారి నార్వే ఓడ.

"చాల్లే, తోలు ఊడొస్తుంది," అంది భార్య ఆల్మా, కోటుకు బ్రష్ కొడుతూ. "ఈ చేతి అంచు మీద మరక కూడా పోయేట్టు లేదు."

ఆ తెల్లమరక ఓడ చేరిన బోర్డో రేవులో పడింది. పతకాలివ్వడానికి అడ్మిరల్ వచ్చేలోపు ఓడకు అసలు పేరు రాయమన్నారు. చేతికి రంగు ఆరకముందే హిన్నెర్క్ కోటు తగిలించుకుని వరసలో నిలబడ్డాడు. గొలుసు తెంచుకుపోతున్న ఓడ బొమ్మతో పతకం ఇచ్చారు. మామూలు కోటుకు పెట్టుకోవడానికి సగం సైజుది మరొకటి. యూనిఫారం లేనివాడికి యుద్ధపతకం! పొద్దుటి నుంచి ఆయన దాన్ని పదే పదే తడిమి చూసుకుంటూనే ఉన్నాడు.

సంతోషమంతా ఒక కుర్చీ కోసం. గెజీనా అత్త బీరుకొట్టులో, పొయ్యి పక్కన గుండ్రబల్ల ఉంది. పతకం ఉన్నవాళ్ళే అక్కడ కూర్చోవాలి. ఆల్మా అన్న డెట్లెఫ్ క్రోగర్ దానికి పెద్ద. పోయిన యుద్ధంలో, పరాయి జెండా కట్టుకుని మాటువేసే నౌకలో ఫిరంగి పేల్చి, రెండు వేళ్ళు పోగొట్టుకుని ఇనుప శిలువ పతకం తెచ్చుకున్నవాడు. హిన్నెర్క్ ఏళ్ళ తరబడి గల్లాపెట్టె దగ్గర నిలబడే తాగాడు. "మూటలు మోసేవాడికి కుర్చీ ఎందుకు బావా, మూట మీదే కూర్చో," అనేవాడు డెట్లెఫ్. నవ్వుతూనే అన్నా గుచ్చుకునేది.

సాయంత్రం రైలు. మళ్ళీ బోర్డో, మళ్ళీ ఓడ. ఉన్నది ఈ మధ్యాహ్నమే.

"అమ్మో, పెళ్ళికొడుకొచ్చాడే!" అని కొట్టు గుమ్మంలోనే గెజీనా అత్త కేక పెట్టింది. అందరూ మూగారు. హిన్నెర్క్ తిన్నగా వెళ్ళి ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఆగాగు," అన్నాడు డెట్లెఫ్. "ఏం చేసి తెచ్చుకున్నావో చెప్పి కూర్చోవాలి. నేనూ అట్లాగే కూర్చున్నా."

హిన్నెర్క్ ప్రయాణం సంగతి ఒక్క ముక్క కూడా బయటపెట్టనని ఒట్టు వేసి వచ్చాడు.

"చెప్పకూడదు బావా."

"చెప్పకూడదా, చెప్పడానికేం లేదా? అరటిపళ్ళు తెచ్చినందుకా ఏంటి?" బల్ల చుట్టూ నవ్వులు. "సరే, ఓడ పేరన్నా చెప్పు. ఓడ మీద రాసి ఊరంతా చదివేదేగా!"

"సిగ్రిడ్, బెర్గెన్ రేవు," అన్నాడు హిన్నెర్క్ తడుముకోకుండా.

శత్రునౌక నిలదీస్తే నిద్రలో కూడా అదే చెప్పాలని కెప్టెన్ నెలల తరబడి వల్లెవేయించిన నార్వే పేరది. కొట్టంతా ఘొల్లుమంది.

"నార్వేవాళ్ళకి కూడా పంచుతున్నారట్రా పతకాలు!" అని గెజీనా అత్త కళ్ళు తుడుచుకుంది.

హిన్నెర్క్ చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ మీంచి చెయ్యి తీసేశాడు. డెట్లెఫ్ ఒక్కడే నవ్వలేదు. ఆ చేతి గోళ్ళ సందుల్లోని రంగులకేసి చూస్తున్నాడు.

"నోళ్ళు ముయ్యండ్రా," అన్నాడు. కాలితో కుర్చీ ముందుకు తోశాడు. "మేమూ దొంగపేరుతో తిరిగినవాళ్ళమే. సెలవుకొచ్చి మా అమ్మకి కూడా తప్పుపేరే చెప్పా. రా, కూర్చో బావా."

హిన్నెర్క్ కూర్చున్నాడు. యుద్ధకాలపు నీళ్ళబీరు కూడా అమృతంలా దిగింది. సంతోషం పట్టలేక గెజీనా అత్త చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పాడు కూడా.

రైలు వేళకు ఆల్మా సంచి తెచ్చింది. ఆయన కోటు విప్పి, పతకంతో సహా ఆమెకివ్వబోయాడు.

"అదేంటి, పెట్టుకుని వెళ్ళవా?" అన్నాడు డెట్లెఫ్.

"ఓడలో ఇది దొరికితే మా వేషం గోవిందా."

"అయితే కుర్చీకే ఉండనీ. నీ చోట్లో ఎవడూ కూర్చోడు. వచ్చి తొడుక్కో."

పాత చొక్కా మీద చలికి చేతులు రుద్దుకుంటూ, రైలు స్టేషను దాకా కుర్రాడిలా ఈల వేసుకుంటూ నడిచాడు హిన్నెర్క్.

చలికాలం మొదట్లో కబురొచ్చింది. ఓడ అట్లాంటిక్‌లో మునిగింది, ఎవరూ మిగల్లేదు. అప్పటికి దానికి ఏ పేరుందో కబురు తెచ్చినవాడికీ తెలియదు.

ఆల్మా కోటు కోసం వచ్చింది. డెట్లెఫ్ లేచి నిలబడ్డాడు గానీ దాన్ని తీయడానికి చెయ్యి రాలేదు. ఆమె పతకాన్ని ముట్టుకోలేదు. కోటు చేతి అంచు ఒకసారి పట్టుకుని, వదిలేసి వెళ్ళిపోయింది.

కోటు ఇంకా ఆ కుర్చీకే ఉంది, అంచు మీద ఓడ అసలు పేరు రాసిన తెల్లరంగుతో.