మొదటి షిఫ్టు

ఠంగ్.

మంచి రాయి అలా పలుకుతుంది.

చీకట్లో ఇనుప సలాక ఎత్తి గని పైకప్పును తట్టాలి. ఊపిరి బిగబట్టి వినాలి. ఠంగుమంటే ముందుకు నడవొచ్చు. డొల్లగా, దబ్బుమని పలికితే — వెనక్కి.

ఆరోన్ తన బతుకంతా ఆ మోత వింటూనే గడిపాడు.

ఇప్పుడు తట్టడానికి రాయి లేదు.

గోదావరి ఎగువన ఉన్న అతని బొగ్గు గనిని మూసేశారు. వచ్చే బొగ్గు కన్నా తవ్వే ఖర్చే ఎక్కువన్నారు. నిడదవోలు దగ్గరి సొంత ఊరికి తిరిగొచ్చాడు. ఇక్కడంతా మట్టి. మెత్తటి, తడి మట్టి. కర్రతో పొడిస్తే పలకదు... మింగేస్తుంది.

అయినా చేతికి అలవాటు పోలేదు. ఏ గడప దాటినా, కొసకు ఇనుప పొన్ను వేసిన చేతికర్ర తనంతట తనే పైకి లేస్తుంది. ఒక ఆదివారం చర్చిలో, పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఉండగా — ఠక్.

భార్య బేబి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది గని కాదండీ. ప్రభువు మందిరం. పడదు."

"ఎవరి మందిరమైనా కప్పు కప్పేనే."

అతనిలోనూ ఒక కప్పు ఉంది. అన్నేళ్ళ చెమటనూ, చీకటినీ మోస్తున్న కప్పు. ఆ బొగ్గంతా ఎక్కడికి పోయింది? కాలి బూడిదైంది. అంతేనా?

దాన్ని తట్టి చూడడానికి మాత్రం చెయ్యి లేవలేదు.

*

ఊరి చివర, వరిచేల మధ్య, రేకుల షెడ్డు. చిన్న హాల్టు. పొద్దున పోతూ, సాయంత్రం వస్తూ ప్యాసింజరు రైలు అక్కడ ఒక్కో నిమిషం ఆగుతుంది. ఆ ప్లాట్‌ఫారం అంచుకు ఎప్పుడో పరిచిన నల్లరాయి — ఊరు మొత్తానికీ అదొక్కటే రాయి. సాయంత్రాలు ఆరోన్ దాని పక్కనే కూర్చునేవాడు.

అక్కడే విన్నాడు, బండి ఇక ఆగకపోవచ్చునని.

"టిక్కెట్ల డబ్బు కరెంటుకి కూడా చాలదండి, ఆరోన్ గారూ," అన్నాడు హాల్టులో టిక్కెట్లమ్మే సురేష్‌బాబు.

"మరిన్నాళ్ళూ ఎలా నడిచిందండి?"

"గూడ్సు సంపాదనతోనండి. గూడ్సంటే ఇంకేంటి, బొగ్గే. ఈ దారిన ఇప్పుడు బొగ్గు బళ్ళు తగ్గిపోతున్నాయి కదా. సర్కారు పద్దులో అక్కడ చిల్లు పడిందంటే, కోత ఇక్కడ పెడతారు."

పాలక్యాన్లు దించుకుంటున్న అబ్బులు విరగబడి నవ్వాడు.

"అయితే బాబాయ్, ఇన్నాళ్ళూ నీ వీపెక్కే నిడదవోలు వెళ్ళొచ్చామన్నమాట! తెలీక ఒక్కనాడైనా నీకు టీ పోయించలేదు."

అందరూ నవ్వారు. ఆరోన్ నవ్వలేదు.

లోపల ఎక్కడో, ఎవరూ తట్టకుండానే — ఠంగ్.

బూడిద కాదు. బూడిద ఒక్కటే కాదు. నిడదవోలులో బండి మారి నరసాపురం వెళ్ళే లేసు బుట్టలు... కిటికీకి ముక్కు ఆనించిన పిల్లలు... ఆసుపత్రికి పోతూ కూతురి భుజం మీద తల వాల్చిన ముసలమ్మ... అందరినీ మోసింది ఆ చీకటే. అతను సలాకతో తట్టి, విని, ముందుకు నడిచిన చీకటి.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే మట్టి కూడా కాళ్ళ కింద గట్టిగా తోచింది.

*

వానలు వెళ్ళేదాకా చూస్తామన్నారు రైల్వేవాళ్ళు. ఎక్కేవాళ్ళు పెరిగితే బండి ఆగుతుంది. లేకపోతే లేదు.

ఇంటికో టిక్కెట్టు కొందామని ఊరు అనుకుంది.

"కొని జేబులో పడేసుకో బాబాయ్," అన్నాడు అబ్బులు. "ఎక్కక్కర్లేదు."

"గనిలోకి దిగకుండా నేనెప్పుడూ మస్టరులో హాజరు వేయించుకోలేదురా."

మర్నాడు ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. అన్నం క్యారేజీ కట్టమన్నాడు.

"నిడదవోలు వెళ్ళి ఏం చేస్తారండీ?" అంది బేబి.

"తిరిగొస్తాను."

బేబి క్యారేజీ మూత బిగించింది. గనివాడి భార్యకు తెలుసు, తిరిగి రావడం కన్నా పెద్ద పని లేదని.

వెళ్ళాడు. వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. కిటికీ పక్కన, వీపు నిటారుగా, షిఫ్టులో ఉన్నవాడిలా. వానలో వెళ్ళాడు. దగ్గుతూ వెళ్ళాడు. వారం తిరక్కుండా అబ్బులు ఎక్కాడు, సిగ్గుపడుతూ. తర్వాత లేసు అల్లే మాణిక్యాంబ. తర్వాత జేబులో టిక్కెట్టున్న ఒకరూ, ఇద్దరూ...

ఎదురుగా అప్పుడప్పుడు బొగ్గు బండి పోయేది. నిండిన వ్యాగన్లు నేలను నొక్కుకుంటూ పోతాయి. ఖాళీవి మోగుతాయి. రాయి మోగితే ధైర్యం. వ్యాగను మోగితే —

ఆరోన్ కళ్ళు మూసుకుని వినేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు.

*

వానలు వెళ్ళిపోయాయి.

ఆ పొద్దున హాల్టు నిండుగా ఉంది. పాలక్యాన్లు, లేసు బుట్టలు, బడి సంచులు. క్యారేజీ పట్టుకుని బేబి కూడా వచ్చింది. తనూ ఒక టిక్కెట్టు కొంది.

"ఆర్డరింకా రాలేదండి," అన్నాడు సురేష్‌బాబు, ఎవరి మొహమూ చూడకుండా. "ఇవాళ ఆగుతుందో లేదో... బండి వస్తేగాని తెలీదు."

దూరంగా వంపులో కూత.

తలలన్నీ అటు తిరిగాయి. చేలమీది కొంగలు లేచాయి.

ఆరోన్ ఖాకీ చొక్కా బొత్తాం సరిచూసుకున్నాడు. ప్లాట్‌ఫారం అంచుకు రెండడుగుల ఇవతల నిలబడ్డాడు. కర్ర చాచి, ఊరి ఒకే ఒక్క రాయిని తట్టాడు. తల వంచి విన్నాడు.

అందరూ అతని ముఖాన్నే చూస్తున్నారు.

బండి వంపు తిరిగింది. వేగం తగ్గిందా... లేక గాలి దిశ మారిందా...

అతను వెనక్కి జరగలేదు.

రాయిలోంచి, కర్రలోంచి, అరచేతిలోకి —

ఠంగ్.