నాలుగు సెకన్లు

చొక్కా కాలరు ముడత పోలేదని మొగుడు ఇస్త్రీపెట్టెను ఆమె మీదికి విసిరాడు. తప్పించుకుని వంటగదిలోకి పరిగెత్తి, పాత ఫోనులో ఎర్ర బొత్తాం నొక్కింది. ఆఫీసులో తను తయారు చేస్తున్న యాప్ అది. ఆపదలో ఉన్న ఆడవాళ్ళు నొక్కితే సహాయ కేంద్రానికి కాల్ వెళ్ళాలి. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అతను వచ్చి ఫోను లాగి గోడకేసి కొట్టాడు, తర్వాత దవడ మీద ఆమెను. నోరంతా ఉప్పగా అయింది.

"వాడి చెయ్యి దురుసే గానీ మనసు వెన్నమ్మా," అంటుంది అత్తగారు ఎప్పుడూ. ఆ వెన్న ఏడేళ్ళుగా ఈమె ఒంటి మీదే కరుగుతోంది. నోరు పుక్కిలించి, అతని క్యారేజీ సర్ది, తెర పగిలినా ఇంకా పనిచేస్తున్న ఫోను సంచిలో వేసుకుని ఆఫీసుకు వెళ్ళింది.

మీటింగులో మేనేజరు రంగుల గురించి మాట్లాడుతున్నాడు.

"పాత ఫోన్లలో నొక్కాక నాలుగు సెకన్లు పడుతోంది సార్," అందామె.

"నాలుగు సెకన్లకే కొంప మునుగుతుందా? ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా? కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

అందరూ నవ్వారు. ఫోను చేజారిపోయిన ఆడది ఫిర్యాదు దేనితో రాస్తుంది? తనే ఎన్నడైనా రాసిందా?

ఆమె లేచి పగిలిన ఫోను మేనేజరు చేతిలో పెట్టి, తన కుర్చీ దగ్గరికి తిరిగి వెళ్ళింది. "నొక్కండి సార్."

నవ్వుతూ నొక్కాడు. ఆమె కుర్చీని తన్ని, బల్ల చుట్టి వచ్చి, అతని మణికట్టు మెలిపెట్టి ఫోను లాక్కుంది. మరో చేత్తో మెడ పట్టి చెంప బల్లకు ఆనించి అదిమింది. అప్పుడు మోగింది కాల్, ఆమె చేతిలో.

వదిలేసింది. ఒక మనిషిని అలా అదిమిపట్టడం ఎంత తేలికో ఆమెకు తెలిసింది. ఇంత తేలిక గనకే మొగుడు ఏడేళ్ళుగా చేస్తున్నాడు.

"రేపట్నించి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు, మణికట్టు రుద్దుకుంటూ.

"సరే సార్. సాయంత్రం దాకా పని చేసి పోతాను."

యాప్‌లో మ్యాపు, బొమ్మలు, పేర్ల జాబితా అన్నీ వచ్చాకే కాల్ వెళ్ళేలా రాసి ఉంది. ఆమె కాల్‌ని ముందుకు జరిపింది. మిగతావన్నీ దాని వెనక నిలబెట్టింది. పగిలిన ఫోనులోనే పరీక్షించింది. వేలు తీసేలోపు కాల్ వెళ్ళింది.

ఇంటి గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. "ఎక్కడ తిరిగొస్తున్నావే?" అంటూ చెయ్యెత్తాడు.

ఆమె బొత్తాం నొక్కింది.

"చెప్పండమ్మా, వింటున్నాం," అంది ఒక ఆడగొంతు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. లోపల్నుంచి అత్తగారు, "పరువు పోతుందే, పెట్టెయ్," అంటోంది.

డాక్టర్లకీ పక్కింటివాళ్ళకీ ఎన్నిసార్లో జారిపడ్డానని చెప్పిన నోరు ఆమెది.

"మా ఆయన నన్ను కొడుతున్నాడు," అంది, అతని కళ్ళలోకి చూస్తూ. "అడ్రసు రాసుకోండి."