సన్నిధిలో తగువు

మల్కాపురం కొండవాలులో సలోమి, సత్యం కట్టుకున్న ఇంటికి గృహప్రతిష్ఠ జరిగిన రోజున, పాస్టరుగారు బిర్యానీ మారు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కోకుండానే ఒక మాట అన్నారు.

"అమ్మా, ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో మీరిద్దరే కాదు, ప్రభువు కూడా కాపురం ఉంటున్నారు. ఏ మాట మాట్లాడినా ఆయన వింటున్నారని గుర్తుపెట్టుకోండి."

ఆయన ఈ మాట ఎన్ని ఇళ్ళల్లో అన్నారో, ఎవరూ పెద్దగా పట్టించుకున్న దాఖలా లేదు. సలోమి పట్టించుకుంది.

మర్నాటి నుంచి నైటీ మీద తువ్వాలు కప్పుకోకుండా వంటింట్లోకి అడుగుపెట్టేది కాదు. ఇంట్లో పెద్దమనిషి ఉన్నాడు కదా అనేది. "మరి ఇన్నాళ్ళూ నానెవుర్ని?" అని అడిగేవాడు సత్యం. అతను పోర్టులో ఓడలకి మోకులు కట్టే ఖలాసీ. ఆమె తువ్వాలు ఇంకాస్త సర్దుకునేది. పక్కింటి నూకాలు ఊరి కబుర్లు మోసుకొస్తే గుమ్మంలోనే ఆపి, అరుగు మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టి, "ఊఁ, ఇప్పుడు సెప్పు" అనేది. దేవుడి చెవిన చాడీలు పడకూడదు. తన చెవిన పడితే ఫరవాలేదు.

అసలు చిక్కు తగువుల దగ్గర వచ్చింది. వాళ్ళకి పిల్లల్లేరు. టీవీ ఉన్నా అందులో వచ్చేవి వీళ్ళ తగువులంత బాగుండేవి కావు. ఇంట్లో గొంతెత్తకూడదని సలోమి నియమం పెట్టడంతో, కోపం వచ్చినప్పుడు చెప్పులేసుకుని "రా బయటికి" అనేది. సత్యం లుంగీ ఎగ్గట్టుకుని వెనకే నడిచేవాడు. వీధి కుళాయి దగ్గర నిలబడి ఇద్దరూ తృప్తిగా తిట్టుకునేవారు. అయ్యాక అక్కడే నోళ్ళు పుక్కిలించి, లోపలికొచ్చి, ప్రార్థన చేసుకుని భోంచేసేవారు. బిందెలు నిండిపోయినా ఆడవాళ్ళు ఇంటికి కదిలేవారు కాదు.

అలాంటి రోజుల్లో సత్యం తల్లి వరహాలమ్మ జాలారిపేటలో మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి మంచం దిగొద్దన్నారు. చిన్నకొడుకు కన్నబాబు అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేస్తూ స్నేహితులతో కలిసి ఒక్క గదిలో సర్దుకుంటున్నాడు. సత్యం భోజనం దగ్గర సంగతి చెప్పి, "అమ్మని ఇక్కడికి తెచ్చీద్దాం" అన్నాడు.

సలోమి చేతిలో ముద్ద కంచంలోకి జారిపోయింది.

"రా బయటికి" అంది.

కుళాయి దగ్గర ఆమెకి మాటలు తన్నుకొచ్చాయి. "పెళ్ళినాడు నా మొకం మీద ఏటన్నాది మీ యమ్మ? కొడుకుని మతంలో కలిపీసుకున్న దొంగ అన్నాది. ఇప్పుడు దానికి నాను నీళ్ళు పొయ్యాలా? ఆ నూకాలమ్మ అమ్మోరి పటం, ఆ పసుపు ముద్దలు నా ఇంటికి తెచ్చినావంటే నాను మా పుట్టింటికి ఎల్లిపోతాను."

సత్యం ఎప్పటిలా అరవలేదు. "ఈ మాటే ఇంట్లోకొచ్చి అను" అన్నాడు.

"ఏటి?"

"ఇంట్లోకొచ్చి, నీ దేవుడి ముందర అను. నడవలేని ముసిల్దాన్ని రానివ్వనని. అనీసినావంటే నాను మరి మాటాడను."

కుళాయి దగ్గర ఎవరో పంపు కట్టేశారు, సరిగ్గా వినపడాలని.

సలోమి విసురుగా లోపలికి నడిచింది. గది మధ్యలో నిలబడి నోరు తెరిచింది. మాట రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. వెలిగే నక్షత్రం ఉన్న నిరుటి క్రిస్మస్ క్యాలెండరు గోడ మీద రెపరెపలాడుతోంది. ఇంకోసారి ప్రయత్నించింది. దేవుడు ఇంట్లో ఉండడం ఇంత ఇబ్బందని పాస్టరుగారు ఒక్కసారైనా చెప్పారా? ఆ కోపంతోనే ఆయనకి ఫోన్ చేసింది.

"అయ్యగారూ, దేవుడున్న ఇంట్లోకి విగ్రహం పటం రాకూడదు గదండీ?" అని గడుసుగా అడిగింది.

పాస్టరుగారికి సంగతి అప్పటికే తెలుసు. మల్కాపురంలో తెలియనివాళ్ళు లేరు. "పటం సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ముందు మనిషిని రానీ. అయినా నాకు తెలీక అడుగుతాను, కుళాయి దగ్గర తిట్టుకుంటే ఆయనకి వినపడదనుకున్నావా?"

ఇన్నాళ్ళుగా ఆ కుళాయి దగ్గర వాడిన మాటలన్నీ వరసగా సలోమి కళ్ళ ముందు తిరిగాయి. "మరి ఆ ముక్క ముందే సెప్పాల గదండీ" అంది చివరికి.

వరహాలమ్మ ఆటో దిగుతూనే కొడుకు భుజం మీద వేలాడుతూ ఇల్లంతా కలయజూసింది. "ఏటే పిల్లా, మీ దేవుడు ఈడే ఉంతాడంట గదా. కాసింత జరగమను, నాను కాళ్ళు సాపుకోవాల" అంది. నూకాలమ్మ పటం తలగడ పక్కనే పెట్టుకుంది. సలోమి పళ్ళు నూరుకుని మంచం మీద దుప్పటి సర్దింది.

అలా పళ్ళు నూరుతూనే అన్నీ చేసింది. ఒళ్ళు తుడిచింది, మలమూత్రాలు ఎత్తింది, పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి ముసలమ్మకి ఇష్టమైన ఎండు నెత్తళ్ళు తెచ్చి పులుసు పెట్టింది. చేసిన ప్రతి పనికీ గోడవైపు చూసి, "నీకోసమే ప్రభువా, నీకోసమే" అని పైకే అనేది.

ఒకరోజు కాళ్ళు కడుగుతూ అలాగే అనగానే వరహాలమ్మ కాలు లాగేసుకుంది.

"నాకోసం కాదేటి? అయితే పోయి మీ దేవుడి కాళ్ళే కడుక్కో. నా కాళ్ళు ఒగ్గీయ్."

సలోమి చేతిలోని చెంబు నేలకేసి కొట్టింది. చెప్పులు వెతుక్కోలేదు, బయటికి రమ్మందామంటే ముసలమ్మ నడవలేని మనిషి. ఉన్నచోటే మొదలుపెట్టింది. పెళ్ళినాటి మాట, పండక్కి పిలవకపోవడం, తను పంపిన కేకు పక్కింటి మేకకి వేయడం, ఒక్కటి కూడా వదల్లేదు. వరహాలమ్మది చేపలమ్మిన గొంతు. ఆమె మాత్రం ఊరుకుంటుందా? సముద్రం ఒడ్డున నేర్చుకున్న మాటలన్నీ ఆ గదిలో దొర్లాయి. డ్యూటీ నుంచి వచ్చిన సత్యం గుమ్మంలోనే ఆగిపోయాడు.

చివరికి ముసలమ్మకి ఆయాసం వచ్చింది. గొంతు దించి అంది. "అన్నీ అన్నాను గానీ, నీకు పిల్లల్లేరని ఎప్పుడైనా అన్నానేటే? మా పేటలో ఒకర్తి అన్నాది. కత్తిపీట తీసినాను దాని మీదికి. మరెప్పుడూ అనలేదది."

సలోమికి ఆ సంగతి తెలీదు. సత్యం వైపు చూస్తే అతను తెలుసన్నట్టు తల దించుకున్నాడు. ఆమె నేల మీద చతికిలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి చెంబు సొట్ట చూసుకుని, మళ్ళీ నీళ్ళు తెచ్చి, సగం కడిగిన రెండో కాలు కడిగింది. ఈసారి గోడవైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఆమె ప్రార్థన చాలా చిన్నది. "ప్రభువా, అంతా విన్నావు గదా. ఈ ముసిల్ది నాకింకా నచ్చట్లేదు. రేపు కూడా సేత్తాను గానీ, నచ్చట్లేదని సెప్తన్నాను."

"నాకూ నచ్చట్లేదని సెప్పు" అంది మంచం మీంచి వరహాలమ్మ.

ఆ తర్వాత తగువులు ఇంట్లోనే జరిగాయి. వినడానికి వీధి అంతా లేకపోయేసరికి తొందరగానే తేలిపోయేవి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు కొన్నాళ్ళు నిరాశపడ్డారు.

వరహాలమ్మ వాకరు పట్టుకుని నడవడం మొదలుపెట్టాక పాస్టరుగారు పరామర్శకి వచ్చారు. తలగడ పక్కన పటం చూసి ఆయన కాస్త ఇబ్బందిపడ్డారు.

"అది అత్తదండీ. ఆ మంచం ఉన్నకాడికి ఆవిడ ఇల్లే" అంది సలోమి.

ఆయన కళ్ళు మూసుకుని ముసలమ్మ తుంటి కోసం ప్రార్థన అందుకున్నారు. సభల్లో మైకు ముందు అలవాటైన గొంతు, గదిలో ఖంగున మోగింది. ప్రార్థన తుంటి దాటి, జిల్లా దాటి, దేశం మీదికి వెళ్ళింది.

వరహాలమ్మ ఒక కన్ను తెరిచింది. "బాబూ, ఆయన ఈడే ఉన్నాడంట గదా. మరి అంత గట్టిగా అరుత్తావేటి?"

పాస్టరుగారు ఆగిపోయారు. సలోమి కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా నవ్వు ఆగలేదు. ఆయన గొంతు బాగా తగ్గించి, పక్కనున్న మనిషితో చెప్పుకున్నట్టు మిగతా ప్రార్థన పూర్తిచేశారు. అందరికంటే ముందు ఆమెన్ అన్నది వరహాలమ్మే. అని, "పులుసు మాడుతున్నాది, సూడు" అంది కోడలితో.