లాడ్జిలో తలకు పోసుకున్నాను

"తలకు పోసుకోవద్దులే ఉదయా. ఎట్లాగూ కొండమీద తీసేసే జుట్టే గదా, షాంపూ దండగ," అన్నాడు బావ, లాడ్జి మంచం మీద కాళ్లు చాపుకుని కాఫీ తాగుతూ. ఆ కాఫీ కిందకి దిగి, సందు చివరి బంకు నుంచి మోసుకొచ్చింది నేనే. ఇప్పుడు చేతిలో బకెట్టు, భుజాన మూడు తువ్వాళ్లు. "సరే," అన్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాట నా నోట్లో కాపురముంటోంది. పిలవక్కర్లేదు, దానంతటదే బయటికొస్తుంది.

మాది నగరి. మరమగ్గాల ఇల్లు. మా ఆయన ధనంజయ నా మేనత్త కొడుకు, అందుకే ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. మగ్గాలు ఆయన పేరు మీద ఆడతాయి, వాటికి నూలు కండెలు చుట్టేది నేను. కరెంటున్నంతసేపూ రాట్నం ముందు, పోతే పొయ్యి ముందు. ఎవరైనా "మీ ఆమె ఏం జేస్తాదప్పా?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటాది," అంటాడు. పాపం, అబద్ధం చెబుతున్నానని కూడా ఆయనకు తెలియదు. మోటారు రాట్నంలో వెంట్రుక చిక్కితే తలే లాగేస్తుందని పొద్దున్నే కొప్పు బిగించేస్తాను, మళ్లీ పడుకునేటప్పుడే విప్పడం. ఆరబెట్టుకునే తీరిక ఉండదు కాబట్టి తలస్నానం కూడా హడావిడే. నడుం దాటిన నా జుట్టును నేనే సరిగ్గా చూసుకున్న గుర్తు లేదు.

ఆ జుట్టు దేవుడికి మొక్కి ఉందని నిన్న బస్సులో తెలిసింది. పుత్తూరు దాటాక బావ పక్క సీటాయనతో చెబుతున్నాడు. "మా ఆమెకు ఆపరేషనప్పుడు శానా సీరియస్ అయిపోయిందప్పా. బతికి బయటపడితే ఆమె తలనీలాలు ఇస్తానని సామికి మొక్కినా." ఆ మాట అంటుంటే ఆయన గొంతు వణికింది. ఆ వణుకు నిజమే. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఈ మనిషి చిన్నపిల్లాడిలా నేల మీద కూలబడి ఏడ్చాడని అత్త చెప్పింది. వెనక సీట్లో కూర్చుని వింటుంటే నాకు ఆయన మీద ముద్దూ వచ్చింది, ఒళ్లూ మండింది. రెండూ ఒకేసారి రావడం ఏమిటని పెళ్లయిన ఆడవాళ్లెవరూ అడగరు.

మా అంతస్తు మొత్తానికీ స్నానాల గదులు రెండే, వరండా చివర. వేడినీళ్లు వచ్చేది ఒకదాంట్లోనే. దాని ముందు ఆడా మగా బకెట్లతో బారుగా నిలబడి ఉన్నారు. నేనూ నిలబడ్డాను. వంతు రాగానే బావను పిలిచాను. ఆయన పోసుకుని, తల తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేను మళ్లీ చివరికి పోయి నిలబడ్డాను. నా ముందు ఐరాల నుంచి వచ్చిన పంకజాక్షి అని ఒకామె. వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇందాక నువ్వు తలుపు కాడ ఉంటివి గదమ్మా, మళ్లీ ఈడికి వచ్చినావే?"

"అది మా ఆయన వంతు."

"ఇదెవురిది?"

"మా అత్తది."

"మరి నీది యాడ?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బకెట్టు ముందుకు జరుపుకున్నాను.

అత్త వరదమ్మ నా వెనకే వచ్చి నిలబడిందని చూసుకోలేదు. మా నాయనకు అక్క. డెబ్బై దాటింది, తల మీద పిడికెడు తెల్లజుట్టు. మా వంతు వచ్చాక, "నువ్వు పో అత్తా. లోపల గడియ పడదు, నేను తలుపు పట్టుకుంటా," అన్నాను.

"నేను పట్టుకుంటా, నువ్వు పో. తలకు పోసుకో."

"బావ వద్దన్నాడు. ఎట్లాగూ..."

"వాడంటాడు. నా తలను మీ మామ మూడుసార్లు మొక్కినాడు. ఒకసారి మగ్గాల కోసం, ఒకసారి ఆయన మోకాళ్ల నొప్పి కోసం, ఒకసారి వీడికి జరమొస్తే. ఒక్కసారన్నా నన్ను అడిగిన పాపాన పోలే. మూడోసారి తీసినాక సరిగ్గా మొలవనే లేదు, సూడు." అంటూనే కొంగు ముడి విప్పి, తనకోసం తెచ్చుకున్న శీకాయపొడి పొట్లం నా చేతిలో పెట్టి లోపలికి నెట్టింది.

కొప్పు విప్పాను. జుట్టు వీపు మీద నుంచి జారి, కూర్చున్న పీట దాకా వచ్చింది. ఇంత ఉందా నాకు? వేడినీళ్లు పోసుకుంటుంటే కళ్లు మూతలు పడ్డాయి. నా కోసం ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడటం నాకు కొత్త. బయట ఎవరో "లోపలామె నిద్రబోయిందా ఏంది?" అంటున్నారు. "నా కోడలు తలకు పోసుకుంటా ఉండాది. నీకేం తొందర? కొండ యాడికీ పోదులే," అంటోంది అత్త. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. గర్భసంచి తీసే ముందు డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగింది. అప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను, ఆ ప్రశ్న అలవాటు లేక. జుట్టుదేముంది, మళ్లీ వస్తుంది, రాకపోయినా బతుకుతాను. స్వామికివ్వడం నాకు బరువు కాదు. బావ ఒక్క మాట అడిగి ఉంటే తప్పకుండా ఇచ్చేదాన్ని. ఆ ఇచ్చే మాట కూడా నాకు మిగల్చకుండా తనే ఇచ్చేశాడు. నా మీద ప్రేమతోనే ఇచ్చాడు, నాదే ఇచ్చాడు. ఆఖరి చెంబు పోసుకునేసరికి నా మనసు కుదుటపడింది.

తడిజుట్టు విరబోసుకుని గదిలోకి వెళ్లాను. వెనకాలే అత్త. బావ నోరు తెరుచుకుని చూశాడు.

"ఎంత జుట్టుండాదే నీకు!" అన్నాడు ముందు. మురిపెంగానే అన్నాడు. తర్వాత గుర్తొచ్చింది. "తలకు వద్దంటి గదా?"

"నేను తలనీలాలు ఇయ్యను బావా."

"మొక్కు ఉదయా అది! నీకోసమే గదా మొక్కినా, నువ్వు బతకల్లని."

"తెలుసు. నన్ను అడగలే."

"ఎట్ల అడిగేది? నువ్వు మత్తులో ఉంటివి."

"మత్తు దిగి ఏడు నెలలైంది."

బావ అత్త వైపు చూశాడు. అత్త కిటికీ వైపు చూసింది. బావ మెల్లగా మంచం మీద కూర్చున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు, భయం ఉంది. మొక్కు తప్పితే నాకేమన్నా అవుతుందేమోనని ఆ మనిషి భయం. అది నాకు తెలుసు కాబట్టే పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఇయ్యనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఇప్పుడు సామికి ఏమని చెప్పేది?" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమెను అడక్కుండా మొక్కినా సామీ అని చెప్పు. ఆయనకు అర్థమవుతాదిలే బావా. అమ్మవారు ఆయన మీద అలిగి కొండ దిగి, తిరుచానూరులో ఊరికే వేరుకాపురం పెట్టలేదు."