మేనత్త అడిగిన గ్లవ్వులు

మొసేసె కొట్టిన దెబ్బకి అవతలివాడి పన్ను ఊడి తాళ్ల బయట పడింది. ముందు వరసలో కూర్చున్న ముసలాయన దాన్ని చెప్పుతో పక్కకి నెట్టాడు.

"ఇంకోటి రాల్చరా, నీ అబ్బ" అని అరిచాడు.

మాంగెరె హాల్లో ఆ శనివారం మధ్యాహ్నం అంతా టోంగా దీవుల నుంచి వలసొచ్చిన జనమే. ఈల, బూతు, చెమట. బాక్సింగ్ రింగు మీద నెత్తురు మరకల్లో కాళ్లు జారుతున్నాయి. అవతలివాడు జారుతూనే లేచి మొసేసె కణత మీద ఒక్కటిచ్చాడు. తల పక్కకి తిరిగింది. తిరిగిన తల వెనక్కి రావడానికి కాస్త ఆలస్యమైంది.

ఆ ఆలస్యం గుమ్మం బయట నిలబడ్డ లెసియెలికి కనబడింది. ఆవిడ మొసేసెకి మేనత్త. లోపల రింగు మూలన నీళ్ల సీసా పట్టుకుని ఉన్నవాడు ఆవిడ తమ్ముడు కెలెపి, మొసేసె తండ్రి. తమ్ముడున్న చోట, బూతులు మాట్లాడే చోట, అక్క అడుగు పెట్టకూడదని వాళ్ల ఆచారం. ఎదిగిన దగ్గర్నుంచి వాళ్లిద్దరూ ఒక గదిలో కూర్చుని టీవీ కూడా చూడలేదు.

కెలెపి కూడా ఇదే రింగులో కొట్టించుకున్నాడు. ఒకసారి దెబ్బలు తిన్న మర్నాడు కాగే టీని చెప్పులో పోసుకుని, తాగడానికి ఎత్తాడు. అప్పుడు లెసియెలి యూనివర్సిటీ ల్యాబులో గాజుసీసాలు కడిగేది. తమ్ముడి తలలో ఏం విరిగిందో ఎవరూ చెప్పలేదు. అది తెలుసుకోడానికే చదివింది. పెళ్లి మాట ఎత్తకుండా, జుట్టు నెరిసేదాకా నెత్తుట్లో ప్రోటీన్లు వెతికింది. చివరికి ఒకటి దొరికింది. మెదడులో నరం చిట్లితే అది నెత్తుట్లోకి కారుతుంది. లోపల గోడ కూలితే వీధిలో దుమ్ము లేచినట్టు.

అది నిజమని తేలితే ఆవిడ ప్రొఫెసరు. తేలాలంటే రింగులో దిగే కుర్రాళ్ల రక్తం తీసి, ఫలితం ఎవరికీ చెప్పకుండా, ఎవరు పడిపోతారో చూడాలి. రుజువు కాని పరీక్షని పట్టుకుని ఎవర్నీ ఆపకూడదు. అదీ షరతు. కాగితం మీద అది మెత్తగానే రాసి ఉంది.

కుర్రాళ్లని పోగేయడం ఆవిడకి కష్టం కాలేదు. అత్త చెయ్యి చాపమంటే చాపారు. ఇంతమందిని ఎలా ఒప్పించారని యూనివర్సిటీ పెద్దలు మెచ్చుకున్నారు. ఒప్పించలేదు. అడిగింది, అంతే.

ట్యూబుల మీద పేర్లుండవు. అయితే ఆ వారం రక్తమిచ్చింది మొసేసె ఒక్కడే. అంత ప్రోటీన్ ఆవిడ ఎవరి నెత్తుట్లోనూ చూడలేదు.

గుమ్మం దగ్గర తమ్ముడి పెళ్లాం లూపె, చేమాకు పొట్లాలు అమ్ముతోంది.

"ఇక్కడికొచ్చారేంటి వదినా? ఆయన లోపలున్నారు."

"మొసే ఏమన్నా తిన్నాడా?"

"తిన్నాడు. కక్కాడు. వెలుగు చూడలేనని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేను భయపడితే మీ తమ్ముడు కసిరారు. రక్తం తీసింది మా అక్క, తేడా ఉంటే ఒక్క మాట అనదా, అనలేదంటే వాడు గుండ్రాయే అన్నారు." లూపె నవ్వింది. "వీధిలో కుర్రాళ్లందరిదీ అదే మాట. అత్త వద్దనలేదుగా, కొట్టుకోండి అని."

లెసియెలి గుమ్మానికున్న చెక్క పట్టుకుంది. తన షరతు వాళ్లకి షరతులా వినబడలేదు. అనుమతిలా వినబడింది.

లోపల మళ్లీ ఎముక మీద తోలు చప్పుడు. మొసేసె మోకాళ్ల మీద పడ్డాడు. లేచాడు. ముక్కు నుంచి నెత్తురు గడ్డం దాకా కారింది. గంట కొట్టారు.

ఆవిడ లోపలికి నడిచింది.

ముందు దగ్గరవాళ్లు చూశారు. నోట్లో ఉన్న బూతు అక్కడే మింగేశారు. వరస వెనక వరస నోళ్లు మూతపడ్డాయి. చెప్పుతో పన్ను తోసిన ముసలాయన తల దించుకున్నాడు. కెలెపి అక్కని చూసి మొహం తాళ్లవైపు తిప్పుకున్నాడు.

"అక్కా, నువ్విక్కడికి రాకూడదు."

"నాకు వాడి గ్లవ్వులు కావాలి."

మేనత్త అడిగితే పందినైనా, చాపనైనా, చంటిబిడ్డనైనా ఇవ్వాల్సిందే. ఆ జాతిలో ఆడపడుచు మాటకి అడ్డు లేదు. రక్తం తప్ప ఆవిడ ఏనాడూ ఏమీ అడగలేదు.

"ఆట అయ్యాక ఇస్తాడు. ఇంక ఒక్క రౌండే."

"ఇప్పుడు కావాలి కెలెపీ. నేను వాడి రక్తం చూశాను."

ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ల పని పోయింది. ఆవిడకి తెలుసు. కెలెపికి తెలియదు. అతను తాళ్లనే చూస్తూ చేతిలోని నీళ్ల సీసా కింద పెట్టాడు.

మొసేసె స్టూలు మీద నుంచి ఆవిడని ఎగాదిగా చూశాడు.

"నాన్నా, ఎవరీవిడ?"

వెనక ఎవడో నవ్వాడు. "మేనత్తనే మర్చిపోయాడ్రా, కొవ్వెక్కింది వెధవకి."

కెలెపి నవ్వలేదు. కత్తెర తీసి కొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్? గెలుస్తున్నాను కదా."

"అత్త అడిగిందిరా."

"ఏ అత్త?"

మొదటి గుద్దు కెలెపి నోటి మీద పడింది. పెదవి చీలింది. కత్తెర ఆగలేదు. రెండోది కన్ను మీద పడింది. రిఫరీ పరుగెత్తుకొచ్చి మధ్యలో దూరబోతే కెలెపి మోచేత్తో తోసేశాడు. ఒక గ్లవ్వు ఊడింది. ఆ చేత్తో, గుడ్డ చుట్టిన పిడికిలితో మొసేసె తండ్రిని కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పాతికేళ్ల కిందట చిట్లిన ఆ తల మీదే కొట్టాడు.

"మొసే, ఆపు" అంది లెసియెలి.

వాడు ఆవిడ గొంతు కూడా గుర్తుపట్టలేదు.

కెలెపి ఒక కన్ను మూసుకుపోయి, రెండో కంటితో మిగిలిన గ్లవ్వు లేసు వెతికి తెంచాడు. గ్లవ్వులు రెండూ తాళ్ల మీదుగా, మొహం అటే తిప్పుకుని, అక్కకి అందించాడు. ఆపైన కొడుకుని రెండు చేతులా కావలించుకుని నేల మీదికి పడేశాడు. మీద పడుకుని, వీపు మీద పడే గుద్దులన్నీ కాచుకున్నాడు.

"అంబులెన్సుని పిలువక్కా" అన్నాడు, నోట్లో నెత్తురు ఉమ్ముకుంటూ. "వీణ్ని నేను వదలను."