రాయకుండా వదిలిన వేళ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, సూదాయన సంగతి చెప్పాలి. అసలు పేరు లక్ష్మీపతి. గోరంట్లలో ఒక రక్తపరీక్షల గదిలో ఇరవై ఆరేళ్లు సూది పట్టినా, ఆ పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

నేను చెప్పే రోజు కూడా ఏడింటికే వచ్చి బల్ల తుడిచాడు. సన్నటి మనిషి, కొంచెం గూని, వేళ్లకు ఎప్పుడూ స్పిరిట్ వాసన. చక్కెర పరీక్షకొచ్చిన ముసలి బయమ్మ చెయ్యి చాపింది.

"ఒంట్లో రక్తమంతా నువ్వే లాగేసినావు కదప్పా, ఇంకేముండాది ఆడ?"

"కాఫీ తాగినావా?"

"రెండు గుక్కలే!"

"అయితే రేపు రా అక్కా."

అంత నిక్కచ్చి. ఒక్కసారి తప్ప.

పదింటికి లింగప్ప వచ్చాడు, వెనక భార్య సునంద. తనకల్లు దగ్గర గొర్రెలు కాసుకునే మనిషి. చేతిలో రెండేళ్ల నాటి రిపోర్టు కాగితం.

"అన్నా, ఈ రక్తం ఏ పొద్దులో తీసినావు? అనంతపురం డాక్టరమ్మ అడగమనింది."

లక్ష్మీపతి కాగితం అందుకుని చూశాడు. అది మగవాళ్ల హార్మోను పరీక్ష. రాత్రి బాగా నిద్రపోయి, పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి. తక్కువొస్తే ఇంకో పొద్దున మళ్లీ చూడాలి. రెండేళ్ల కిందట లింగప్ప వచ్చింది మధ్యాహ్నం రెండున్నరకు, సంగటి తిని. శెనక్కాయ చేలో అడవిపందులకు కావలి కాసి మూడు రాత్రులుగా కన్ను మూయలేదు. రేపు పొద్దున రమ్మంటే, "పొద్దున్నే బస్సు యాడుందన్నా? గొర్రెలెవరు తోలుతారు?" అన్నాడు. పాపమనిపించి తీశాడు. వేళ రాస్తే అప్పట్లో చూస్తున్న డాక్టరు వెనక్కి పంపుతాడని, మళ్లీ ఇంత దూరం తిరగలేడని, ఆ గడి ఖాళీగా వదిలేశాడు. అంకె తక్కువొచ్చింది. కాగితం చూసిన డాక్టరు ఇంకో పరీక్ష లేకుండానే టెస్టోస్టెరాన్ అనే ఆ హార్మోను సూదులు మొదలుపెట్టాడు.

"బిడ్డల కోసమే కదన్నా ఏయించుకునింది," అన్నాడు లింగప్ప. "ఆ సూదులే వీర్యంలో బీజం లేకుండా చేసినాయంట."

"ఆపితే మళ్లా రావచ్చంట, రాకనూ పోవచ్చంట," అంది సునంద. "మొదట్లో నిజంగా తక్కువుండెనో లేదో తెలిస్తే, ఏం మందు ఇయ్యాల్నో చూస్తాననింది డాక్టరమ్మ."

గది యజమాని దివాకర్ లక్ష్మీపతి చెవి దగ్గరకు వంగాడు. "జ్ఞాపకం లేదని చెప్పు."

లక్ష్మీపతి పెన్ను తీశాడు. ఖాళీ గడిలో రాశాడు: మధ్యాహ్నం రెండున్నర. కింద ఇంకో వరుస: తిని వచ్చాడు, మూడు రాత్రులు నిద్ర లేదు. సంతకం పెట్టి లింగప్పకు తిరిగిచ్చాడు.

"నీకు మేలు చేస్తాండాననుకున్న్యానప్పా."

లింగప్ప కాగితం మడుచుకున్నాడు. సునంద మాత్రం వాకిలి దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఆ పొద్దు మమ్మల్ని తిట్టి ఎనక్కి పంపింటే బాగుండు కదన్నా."

వాళ్లు మెట్లు దిగాక దివాకర్, "రేపట్నుంచి ఇంటికాడ ఉండు పెద్దాయనా," అన్నాడు. లక్ష్మీపతి సరేనన్నాడు. సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని ఎండలోకి నడిచిపోయాడు.

బిడ్డ పుట్టిందా అని నన్నడగొద్దు, ఇంకా తెలియదు. మీరు మాత్రం ఈ సంగతి గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. ఆయన్ని చెడ్డవాడనొద్దు, తప్పు లేదనీ అనొద్దు. చివర ఇది కూడా కలిపి చెప్పండి: ఎన్ని వేల చేతులకో కట్టి కట్టి సాగిపోయిన ఆయన రబ్బరు పట్టీ రక్తం ఇచ్చేవాళ్లు కూర్చునే కుర్చీ చేతికి ఇప్పటికీ వేలాడుతోంది, ముడి ఎవరూ విప్పలేదు.